రాబర్ట్ గార్డినర్

రాబర్ట్ క్వేకు అట్టా గార్డినర్ (సెప్టెంబరు 29, 1914 - 1994) పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశానికి చెందిన ఆర్థికవేత్త, విద్యావేత్త మరియు పరిపాలనాధికారి. సియెర్రా లియోన్‌లో ఆర్థికశాస్త్ర అధ్యాపకుడిగాను, నైజీరియాలో వయోజన విద్యా నిర్వాహకుడిగాను, స్వతంత్ర ఘనాలో ప్రభుత్వోద్యోగ వ్యవస్థకు అధిపతిగాను పనిచేశాడు. 1962-63లో కాంగోలో ఐక్యరాజ్య సమితి కార్యకలాపాలకు బాధ్యత వహించాడు. ఆ తరువాత 1975 వరకు ఐక్యరాజ్య సమితి ఆఫ్రికా ఆర్థిక కమిషన్‌కు కార్యనిర్వాహక కార్యదర్శిగా ఉన్నాడు. బ్రిటిష్ రేడియో సంస్థ బి.బి.సి. ఏటా నిర్వహించే రీత్ ప్రసంగాలను ఇచ్చిన మొదటి ఆఫ్రికా దేశస్థుడు ఈయనే (1965).

ఆఫ్రికా స్వాతంత్ర్య చరిత్రలో నాయకుల పేర్లు వినబడినంతగా అధికారుల పేర్లు వినబడవు. పాలకులు మారిన మరునాడు కార్యాలయాలను, బడులను, లెక్కలను, ఖజానాను ఎవరు నడుపుతారు అన్న ప్రశ్నకు సమాధానం వెదకడంలోనే గార్డినర్ జీవితం గడిచింది.

బాల్యము, విద్యాభ్యాసము

గార్డినర్ 1914లో కుమాసి పట్టణంలో జన్మించాడు. అషాంటి రాజ్యానికి రాజధానిగా విలసిల్లిన ఈ పట్టణం అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉన్నది. ఘనాను ఆనాడు గోల్డ్ కోస్ట్ అని పిలిచేవారు. 1911 నాటికే గోల్డ్ కోస్ట్ ప్రపంచంలో అత్యధికంగా కోకో గింజలు పండించే దేశమైంది. పంట చిన్న రైతుల చేతిలో, ఎగుమతి వ్యాపారం ఐరోపా కంపెనీల చేతిలో ఉండేవి. 1937-38లో కంపెనీలు కూడబలుక్కుని ధర తగ్గించాయని ఆగ్రహించిన రైతులు నెలల తరబడి కోకో అమ్మడం మానివేశారు. పంట ధర మీదనే దేశం మొత్తం ఆధారపడిన ఈ పరిస్థితిలో గార్డినర్ తరం యువకులు పెరిగి పెద్దవారయ్యారు.

ఈయన సముద్ర తీరాన ఉన్న కేప్ కోస్ట్ పట్టణంలోని అడిసాడెల్ కళాశాలలో చదివాడు. ఇది ఆంగ్లికన్ మిషనరీలు 1910లో స్థాపించిన ఉన్నత పాఠశాల. ఆ కాలంలో పశ్చిమ ఆఫ్రికాలోని బ్రిటిష్ వలసలన్నిటికీ పట్టా ఇచ్చే కళాశాల సియెర్రా లియోన్‌లోని ఫోరా బే కళాశాల ఒక్కటే. 1827లో స్థాపించబడిన ఈ కళాశాల 1876 నుండి ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. గార్డినర్ ఇక్కడ చదువుకొని, తరువాత ఇంగ్లండుకు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెల్విన్ కళాశాలలో ఆర్థికశాస్త్రంలో పట్టా పొందాడు. ఆక్స్‌ఫర్డులోని న్యూ కళాశాలలో కూడా కొంతకాలం చదివాడు. కేంబ్రిడ్జిలో అది జాన్ మేనార్డ్ కీన్స్ సిద్ధాంతాలపై చర్చలు ముమ్మరంగా సాగుతున్న కాలం.

అధ్యాపక వృత్తి

1943లో గార్డినర్ తాను చదివిన ఫోరా బే కళాశాలకే ఆర్థికశాస్త్ర అధ్యాపకుడిగా తిరిగివచ్చి 1946 వరకు అక్కడ బోధించాడు. రెండవ ప్రపంచ యుద్ధం వలన ఆ కళాశాల ఫ్రీటౌన్‌లోని తన భవనాలను కోల్పోయి లోపలి ప్రాంతమైన మబాంగ్‌కు తరలవలసి వచ్చింది. పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నత విద్య భవిష్యత్తుపై బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన ఇలియట్ కమిషన్ విచారణ జరిపినది కూడా ఈ సంవత్సరాలలోనే. మూడు వలసలలో మూడు కళాశాలలు ఉండాలని కమిషన్‌లోని అధిక సంఖ్యాకులు, ఇబాదాన్‌లో ఒక్కటి చాలునని అల్ప సంఖ్యాకులు 1945లో నివేదించారు. కోట్లాది ప్రజలున్న ప్రాంతానికి పట్టభద్రులను ఎక్కడ తయారు చేయాలన్నదే అప్పటి వాదన. విద్యాధికులు ఎంత కొద్దిమందో గార్డినర్‌కు తన తరగతి గదిలోనే తెలిసివచ్చింది.

ఐక్యరాజ్య సమితిలో తొలి ఉద్యోగము

1947లో ఈయన అమెరికాకు వెళ్ళి, రెండేళ్ళ క్రితమే ఏర్పడిన ఐక్యరాజ్య సమితిలో ధర్మకర్తృత్వ విభాగంలో చేరాడు. పాత జర్మన్ వలసలైన టోగోలాండ్, కామెరూన్, టాంగన్యీకా వంటి ప్రాంతాల పాలనను సమితి తరఫున పర్యవేక్షించడం ఈ విభాగం పని. నల్లజాతి అమెరికన్ పండితుడు రాల్ఫ్ బంచ్ అప్పుడు ఆ విభాగాన్ని నడుపుతున్నాడు. వలస పాలకులు పంపే నివేదికలను, అక్కడి ప్రజలు పంపే అర్జీలను పక్కపక్కన పెట్టి చదివే అవకాశం ఇక్కడివారికి లభించేది. గార్డినర్ 1949 వరకు ఈ ఉద్యోగంలో ఉన్నాడు. పదమూడేళ్ళ తరువాత, బంచ్ ఒకప్పుడు నిర్వహించిన కాంగో బాధ్యతే ఈయనకు వచ్చింది.

ఇబాదాన్‌లో వయోజన విద్య

1948లో నైజీరియాలోని ఇబాదాన్‌లో లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా విశ్వవిద్యాలయ కళాశాల ఏర్పడింది. 1949లో గార్డినర్ అక్కడి బహిర్విద్యా శాఖకు డైరెక్టరుగా నియమితుడై 1953 వరకు పనిచేశాడు. కళాశాలలో చేరలేని పెద్దవారికి వారి ఊళ్ళలోనే సాయంత్రపు తరగతులు నడపడం ఈ శాఖ కర్తవ్యం. ఆక్స్‌ఫర్డుకు చెందిన థామస్ హాడ్జ్‌కిన్ చొరవతో 1947లో పశ్చిమ ఆఫ్రికాలో ఇటువంటి తరగతులు మొదలయ్యాయి.

ఈ తరగతులకు వచ్చేవారు బడిపంతుళ్ళు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, చిన్న వర్తకులు. పాఠ్యాంశాలు ఆర్థికశాస్త్రం, రాజ్యాంగం, స్థానిక ప్రభుత్వాలు, చరిత్ర. పరీక్షలు గాని పట్టాలు గాని ఉండవు. పాఠం తరువాత చర్చ తప్పనిసరి. 1951 నుండి నైజీరియాలో కొత్త రాజ్యాంగం కింద ప్రాంతీయ శాసనసభలు ఏర్పడుతున్నందున, పన్ను అంటే ఏమిటి, బడ్జెట్ ఎవరు ఆమోదిస్తారు వంటి ప్రశ్నలు ఆ తరగతులలో పుస్తక విషయాలుగా కాక ఊరి విషయాలుగా చర్చకు వచ్చేవి. తరువాతి కాలంలో నైజీరియా కళా సాహిత్యాలకు ఎంతో సేవ చేసిన జర్మన్ రచయిత ఉల్లీ బయ్యర్ 1951లో ఈ శాఖలోనే చేరి, ఊరూరా తిరిగి పాఠాలు చెప్పాడు. గార్డినర్ అధ్యాపక జీవితంలో అత్యంత ఫలవంతమైన కాలంగా ఇబాదాన్ సంవత్సరాలను చెప్పవచ్చును.

గోల్డ్ కోస్ట్‌లో సామాజికాభివృద్ధి

1951 ఎన్నికలలో క్వామే న్క్రుమా నాయకత్వంలోని పార్టీ గెలుపొంది, గోల్డ్ కోస్ట్‌లో పరిమిత స్వపరిపాలన మొదలైంది. 1953లో గార్డినర్ స్వదేశానికి తిరిగివచ్చి, సాంఘిక సంక్షేమ మరియు సామాజికాభివృద్ధి శాఖకు డైరెక్టరుగా బాధ్యతలు స్వీకరించాడు. ఈ శాఖ అప్పటికే ప్రజా విద్యా ఉద్యమాన్ని నడుపుతున్నది. అక్షరాలు నేర్చిన స్వచ్ఛంద కార్యకర్తలు తమ తమ గ్రామాలలో పెద్దలకు ట్వి, ఫాంటే, గా, ఎవే మొదలైన మాతృభాషలలో చదవడం, వ్రాయడం నేర్పేవారు. చదువుతోబాటు స్వయం సహాయం కూడా ఈ కార్యక్రమంలో భాగం. గ్రామస్థులు శ్రమదానం చేస్తే ప్రభుత్వం సిమెంటు, పనిముట్లు, సాంకేతిక సలహా ఇచ్చేది. ఈ పద్ధతిలో బావులు, మరుగుదొడ్లు, బాటలు, పాఠశాలలు నిర్మించబడ్డాయి. భారతదేశంలో 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సామాజికాభివృద్ధి పథకం కూడా ఇదే ఆలోచన మీద నడిచింది.

ఈ అనుభవం నుండి గార్డినర్, హెలెన్ జడ్ కలిసి సాంఘిక పరిపాలన వికాసంపై 1954లో ఒక పుస్తకం ప్రచురించారు. పేదరికం, ఆరోగ్యం, విద్య వంటి విషయాలలో ప్రభుత్వ బాధ్యత క్రమంగా ఎట్లా పెరిగిందో పశ్చిమ ఆఫ్రికా విద్యార్థులకు తెలిపే పాఠ్యగ్రంథం ఇది.

గృహ నిర్మాణ శాఖ

1955 నుండి 1957 వరకు గార్డినర్ గృహ నిర్మాణ మంత్రిత్వ శాఖకు కార్యదర్శిగా పనిచేశాడు. కోకో ధరలు బాగున్న ఆ సంవత్సరాలలో అక్రా, కుమాసి వంటి పట్టణాలకు వలసలు పెరిగి ఇళ్ళ కొరత తీవ్రమయింది. ఈ సమస్యను పరిశీలించడానికి ఐక్యరాజ్య సమితి ముగ్గురు నిపుణుల బృందాన్ని పంపింది. వారిలో ఒకరైన ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ అంతకు ముందు భారత ప్రభుత్వంలో పనిచేసి భువనేశ్వర్ నగర ప్రణాళికను రూపొందించినవాడు.

ప్రభుత్వమే ఇళ్ళు కట్టి ఇస్తే వాటి అద్దెను సామాన్యులు భరించలేరని ఈ బృందం గమనించింది. గ్రామస్థులు మట్టి గోడలను ఎట్లాగూ స్వయంగా కట్టుకోగలరు. డబ్బు లేక ఆగిపోయేది పైకప్పు దగ్గరనే. అందువలన పైకప్పుకు, తలుపులకు, కిటికీలకు మాత్రమే అప్పు ఇచ్చి, వాయిదాలలో తిరిగి వసూలు చేసే పద్ధతిని వారు సూచించారు. పైకప్పు ఋణ పథకం అనే పేరుతో ప్రసిద్ధి చెందిన ఈ ఆలోచన తరువాత అనేక దేశాలలో గృహ నిర్మాణ నిపుణుల చర్చలకు విషయమయ్యింది. ప్రజలు చేయగలిగినది ప్రజలకే వదలి, వారికి అందనిదానిని మాత్రం ప్రభుత్వం అందించడం ఇందులోని సూత్రం. గార్డినర్ సామాజికాభివృద్ధి శాఖలో అమలు చేసిన పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నది.

స్వతంత్ర ఘనా ప్రభుత్వోద్యోగ వ్యవస్థ

1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్, ఘనా అనే పేరుతో స్వతంత్రమైంది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా వలసలలో స్వాతంత్ర్యం పొందిన మొదటి దేశం ఇదే. గార్డినర్ ఆ సంవత్సరమే ప్రభుత్వోద్యోగ వ్యవస్థకు అధిపతిగా నియమించబడి 1959 వరకు ఆ పదవిలో కొనసాగాడు.

అప్పటి వరకు ఉన్నత పదవులలో అధిక భాగం ఆంగ్లేయుల చేతిలో ఉండేది. స్వాతంత్ర్యంతోబాటు వారికి పరిహారం తీసుకొని వెళ్ళిపోయే అవకాశం కల్పించబడింది. వారు ఒక్కసారిగా వెళ్ళిపోతే కార్యాలయాలు కుంటుపడతాయి. వారు వెళ్ళకపోతే స్వాతంత్ర్యానికి అర్థం లేదని ప్రజలు భావిస్తారు. ఖాళీ అయిన స్థానాలలో ఘనా దేశస్థులను నియమించడం, వారికి శిక్షణ ఇవ్వడం, నియామకాలలో అర్హతను కాపాడడం గార్డినర్ ముందున్న కర్తవ్యాలు. అధికార పార్టీ కార్యకర్తల ఒత్తిడి నుండి ఉద్యోగ వ్యవస్థను దూరంగా ఉంచడం వీటన్నిటికంటె కష్టమైన పని.

అభివృద్ధి ఆర్థికశాస్త్రంలో పేరుగాంచిన సర్ ఆర్థర్ లూయిస్ ఇదే కాలంలో (1957-58) న్క్రుమాకు ఆర్థిక సలహాదారుగా ఉన్నాడు. వ్యయప్రాధాన్యాల విషయంలో ప్రధానమంత్రితో విభేదించి 1958 చివరిలో వెళ్ళిపోయాడు. గార్డినర్ కూడా 1959లో స్వదేశపు పదవిని వదలి అంతర్జాతీయ సేవకు తరలిపోయాడు. 1960 తరువాత ఘనాలో పార్టీకి, ప్రభుత్వోద్యోగానికి మధ్య గీత క్రమంగా చెరిగిపోయింది. 1964లో దేశం ఏకపార్టీ రాజ్యంగా మారింది.

కాంగో సంక్షోభము

1959లో గార్డినర్ ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో కొత్తగా ఏర్పడిన ఆఫ్రికా ఆర్థిక కమిషన్‌కు ఉప కార్యనిర్వాహక కార్యదర్శి అయ్యాడు. 1961లో న్యూయార్కులో సమితి ప్రజా పరిపాలన విభాగానికి డైరెక్టరుగా నియమితుడయ్యాడు. కాని ఆ సంవత్సరం ఈయన సమయంలో ఎక్కువ భాగాన్ని కాంగో ఆక్రమించింది.

బెల్జియం వలసగా ఉన్న కాంగో 1960 జూన్ 30న స్వతంత్రమయింది. ఆనాటికి కోటికి పైగా జనాభా కలిగిన ఆ దేశంలో విశ్వవిద్యాలయ పట్టభద్రులు ఇరవై ముప్పై మందికి మించి లేరు. వారం తిరగకుండానే సైన్యం తిరుగుబాటు చేసింది, బెల్జియం అధికారులు వేల సంఖ్యలో వెళ్ళిపోయారు, రాగి గనులున్న కటంగా రాష్ట్రం జూలై 11న మోయిస్ షోంబే నాయకత్వంలో వేరుపడినట్లు ప్రకటించింది. ఘనాలో గార్డినర్ నివారించడానికి కృషి చేసిన ప్రమాదం కాంగోలో పూర్తి రూపంలో ఎదురైంది.

1961 జనవరి 17న పదవీచ్యుత ప్రధాని పాట్రిస్ లుముంబా హత్యకు గురయ్యాడు. ఫిబ్రవరి 21న భద్రతా మండలి అంతర్యుద్ధ నివారణకు చివరి మార్గంగా బలప్రయోగాన్ని అనుమతించింది. దీనిని తమ సార్వభౌమాధికారంలో జోక్యంగా కాంగో అధ్యక్షుడు జోసెఫ్ కాసావుబు వర్గం వ్యతిరేకించింది. సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ ఆయనతో మాట్లాడడానికి గార్డినర్‌ను, నైజీరియాకు చెందిన ఫ్రాన్సిస్ న్వొకెడిని పంపాడు. వారి చర్చల ఫలితంగా ఏప్రిల్ 17న ఒక ఒప్పందం కుదిరింది. ఆగస్టులో పార్లమెంటు మద్దతుతో సిరిల్ అడౌలా ప్రభుత్వం ఏర్పడింది. సెప్టెంబరులో హామర్‌షెల్డ్ విమాన ప్రమాదంలో మరణించగా, ఊ థాంట్ ఆ బాధ్యతలు స్వీకరించాడు.

1962 ఫిబ్రవరి నుండి 1963 మే వరకు గార్డినర్ కాంగోలో సమితి కార్యకలాపాలకు అధికారిగా ఉన్నాడు. 1960-61లో ఇదే స్థానంలో భారతీయుడైన రాజేశ్వర్ దయాళ్ పనిచేశాడు. సమితి సేనలలో భారత బ్రిగేడు ముఖ్యమైన భాగం. 1962 మార్చి నుండి జూన్ వరకు అడౌలా, షోంబేల మధ్య జరిగిన చర్చలు ఫలించలేదు. ఆగస్టులో ఊ థాంట్ ప్రకటించిన పథకం సమాఖ్య రాజ్యాంగాన్ని, విదేశీ మారక ద్రవ్యంలో సగం సగం పంపకాన్ని, ఒకే ద్రవ్యాన్ని, సైన్యాల విలీనాన్ని ప్రతిపాదించింది. గార్డినర్ దీనిని ఇరువర్గాల చేత ఒప్పించడానికి ప్రయత్నించాడు. షోంబే అంగీకరించినట్లు కనబడుతూనే అమలును వాయిదా వేస్తూ వచ్చాడు.

డిసెంబరు చివరిలో ఎలిజబెత్‌విల్లెలో కటంగా సైనికులు కాల్పులు జరపడంతో, 28వ తేదీన సమితి సేనలు ముందుకు కదిలాయి. 1963 జనవరి 3న భారత దళాలు లుఫిరా నదిని దాటి జడోట్‌విల్లె పట్టణాన్ని చేరుకున్నాయి. అక్కడికి వెళ్ళబోమని న్యూయార్కు కార్యాలయం కొన్ని ప్రభుత్వాలకు అప్పటికే చెప్పి ఉండడం వలన ఈ చర్య దుమారం రేపింది. ఊ థాంట్ విచారణకు రాల్ఫ్ బంచ్‌ను పంపాడు. న్యూయార్కుకు, యుద్ధ రంగానికి మధ్య సమాచార లోపమే దీనికి కారణమని తేలింది. కాంగోలోని సమితి అధికారిగా గార్డినర్ ఈ విమర్శను ఎదుర్కోవలసి వచ్చింది. జనవరి 14న షోంబే వేర్పాటు ముగిసినట్లు ప్రకటించాడు. దేశం ముక్కలు కాకుండా నిలిచింది గాని, శాంతి నిలువలేదు. 1964 జూన్‌లో సమితి సేనలు వెళ్ళిపోయే సరికే తిరుగుబాట్లు మళ్ళీ చెలరేగాయి.

ఆఫ్రికా ఆర్థిక కమిషన్

ఆఫ్రికా ఆర్థిక కమిషన్‌ను సమితి 1958 ఏప్రిల్‌లో నెలకొల్పింది. దాని మొదటి కార్యనిర్వాహక కార్యదర్శి సూడాన్‌కు చెందిన మెక్కీ అబ్బాస్. 1961లో ఆయన వైదొలగిన తరువాత ఈ పదవి గార్డినర్‌కు దక్కింది. అయితే కాంగో బాధ్యతల వలన 1963లో గాని ఈయన పూర్తికాలం అడిస్ అబాబాలో ఉండడం సాధ్యపడలేదు. 1960 ఒక్క సంవత్సరంలోనే 17 ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి. 1963 మేలో కమిషన్ భవనమైన ఆఫ్రికా హాలులోనే ఆఫ్రికా ఐక్యతా సంస్థ స్థాపించబడింది. అదే సంవత్సరం పోర్చుగల్‌ను కమిషన్ నుండి తొలగించారు, వర్ణవివక్ష పాటించే దక్షిణ ఆఫ్రికా పాల్గొనకుండా నిరోధించారు.

కొత్త దేశాలలో అనేకం చిన్నవి. ఒక్కొక్క దేశంలో ఒక ఉక్కు కర్మాగారానికి గాని, ఎరువుల కర్మాగారానికి గాని సరిపోయే కొనుగోలుదారులు ఉండరు. రహదారులు, రైలుమార్గాలు గనుల నుండి, తోటల నుండి ఓడరేవులకు వేసినవే గాని, పొరుగు దేశాలను కలిపేవి కావు. ఒక రాజధాని నుండి పక్క దేశపు రాజధానికి టెలిఫోను చేయాలంటే లండన్ మీదుగానో పారిస్ మీదుగానో చేయవలసి వచ్చేది. దీనికి ఇరుగు పొరుగు దేశాల కలయికే పరిష్కారమని గార్డినర్ నాయకత్వంలోని కమిషన్ భావించింది. ఖండాన్ని ఉపప్రాంతాలుగా విభజించి నియామే, టాంజియర్, లుసాకా మొదలైన నగరాలలో కార్యాలయాలు తెరిచింది. ఒక్కొక్క ఉపప్రాంతానికి ఒక పెద్ద కర్మాగారం చాలునని సూచించింది. కాని అది ఏ దేశంలో ఉండాలి అన్న చోట చాలా చర్చలు ఆగిపోయాయి.

ఈ కాలంలో కమిషన్ చేపట్టిన పనులలో ముఖ్యమైనవి:

ప్రణాళికా శిక్షణ సంస్థ: ఆర్థికాభివృద్ధి మరియు ప్రణాళికలపై ఆఫ్రికా అధికారులకు శిక్షణ ఇచ్చే సంస్థ 1960ల ఆరంభంలో సెనెగల్ రాజధాని డాకార్‌లో ఏర్పడింది. గార్డినర్ ఇబాదాన్‌లో గుమాస్తాలకు పాఠాలు ఏర్పాటు చేసినట్లే, ఇక్కడ ప్రణాళికా శాఖల ఉద్యోగులకు పాఠాలు ఏర్పాటయ్యాయి.

ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు: కమిషన్ ఆధ్వర్యంలో జరిగిన సన్నాహాల తరువాత 1963 ఆగస్టులో ఖార్తూమ్‌లో ఆర్థిక మంత్రులు బ్యాంకు స్థాపన ఒప్పందంపై సంతకాలు చేశారు. 1964 సెప్టెంబరులో అది అమలులోకి వచ్చింది. అనుమతించిన మూలధనం 25 కోట్ల డాలర్లు. అబిజాన్ కేంద్రంగా 1966లో బ్యాంకు కార్యకలాపాలు మొదలయ్యాయి. 1982 వరకు దీనిలో ఆఫ్రికా దేశాలకు మాత్రమే సభ్యత్వం ఉండేది.

గణాంకాలు: చాలా దేశాలలో జనాభా ఎంతో, ధాన్యం ఎంత పండుతున్నదో కూడా నమ్మదగిన లెక్కలు ఉండేవి కావు. జనాభా లెక్కలు, జాతీయాదాయ లెక్కలు తయారు చేయడంలో కమిషన్ ఆయా ప్రభుత్వాలకు సహాయం చేసింది.

ఖండాంతర రహదారి: కెన్యాలోని మొంబాసా నుండి నైజీరియాలోని లాగోస్ వరకు ఆరు దేశాల మీదుగా 6,000 కిలోమీటర్లకు పైబడిన రహదారిని కమిషన్ 1971లో ప్రతిపాదించింది. మధ్య ఆఫ్రికా అడవులలోని భాగాలు దశాబ్దాలు గడిచినా పూర్తి కాలేదు.

మహిళల శిక్షణ: 1975లో కమిషన్‌లో ఆఫ్రికా మహిళా శిక్షణ, పరిశోధన కేంద్రం ఏర్పడింది. పొలం పనిలో అధిక భాగం స్త్రీలే చేస్తున్నా ప్రణాళికలలో వారి ప్రస్తావన లేకపోవడాన్ని ఈ కేంద్రం ఎత్తిచూపింది.

ఆఫ్రికా ఐక్యతా సంస్థతో కమిషన్ సంబంధాలు సాఫీగా సాగలేదు. ఆర్థిక విషయాలలో ఖండానికి మార్గదర్శకత్వం ఎవరిదన్న విషయమై రెండు సంస్థల మధ్య పోటీ ఉండేది. ఐక్యతా సంస్థ ప్రభుత్వాలకు జవాబుదారీ కాగా, కమిషన్ ఐక్యరాజ్య సమితిలో ఒక విభాగం. కమిషన్ ఉద్యోగులలో విదేశీయులు ఎక్కువగా ఉన్నారని, గార్డినర్ రాజకీయంగా మరీ ఆచితూచి నడుస్తున్నాడని విమర్శకులు అనేవారు.

రీత్ ప్రసంగాలు

1965లో బి.బి.సి. రీత్ ప్రసంగాలకు గార్డినర్‌ను ఆహ్వానించింది. 1948లో బెర్ట్రండ్ రస్సెల్‌తో ప్రారంభమైన ఈ పరంపరలో అప్పటికి ఆఫ్రికా ఖండం నుండి ఎవరూ ప్రసంగించలేదు. ప్రపంచ ప్రజల మధ్య జాతి సంబంధాలు అనే అంశంపై ఈయన ఆరు ప్రసంగాలు చేశాడు. అవి తరువాత పుస్తకంగా వెలువడ్డాయి.

ఆ సంవత్సరం ఈ విషయానికి ఎంతో ప్రాధాన్యం ఉన్నది. జాతి వివక్షను నిషేధిస్తూ బ్రిటన్‌లో మొదటి జాతి సంబంధాల చట్టం ఆమోదం పొందింది. 1965 నవంబరు 11న రొడీషియాలోని అల్పసంఖ్యాక శ్వేతజాతి ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం ఉద్ధృతంగా ఉన్నది. జాతి వైరం రక్తంలో పుట్టేది కాదని, సమాజం నేర్పేదని, నేర్చినదానిని మానడం కూడా సాధ్యమేనని గార్డినర్ వాదించాడు. చట్టం, విద్య, ఉద్యోగావకాశాలలో సమానత్వం ఈ మార్పుకు సాధనాలని వివరించాడు. ఆవేశం లేకుండా సాగిన ఈ ప్రసంగాలు కొందరికి చప్పగా తోచాయి, మరికొందరికి ఆ నిదానమే నచ్చింది. అంతర్జాతీయ సంబంధాలలో జాతి, వర్ణాల పాత్రపై ఈయన వ్రాసిన వ్యాసం 1967లో అమెరికా పత్రిక డేడలస్‌లో వెలువడింది.

ఘనా ప్రభుత్వంలో

1975లో గార్డినర్ కమిషన్ నుండి విరమించుకొని, పదహారేళ్ళ తరువాత స్వదేశానికి తిరిగివచ్చాడు. 1972లో సైనిక తిరుగుబాటు ద్వారా అధికారం చేజిక్కించుకున్న ఇగ్నేషియస్ అచియాంపాంగ్ ప్రభుత్వంలో ఆర్థిక ప్రణాళికల కమిషనరుగా చేరాడు. కమిషనరు అనగా సైనిక ప్రభుత్వంలో మంత్రితో సమానమైన పదవి. దేశానికి పంచవర్ష ప్రణాళికను సిద్ధం చేయడం ఈయనకు అప్పగించిన పని.

పరిస్థితులు ప్రణాళికకు అనుకూలంగా లేవు. 1964-65లో సుమారు 5.5 లక్షల టన్నులు ఉన్న కోకో దిగుబడి 1970ల చివరికి దాదాపు సగానికి పడిపోయింది. ఘనా ద్రవ్యమైన సేడికి ప్రభుత్వం నిర్ణయించిన విలువ వాస్తవ విలువ కంటె చాలా ఎక్కువ కావడంతో, రైతులు పంటను దొంగచాటుగా పొరుగు దేశాలకు తరలించేవారు. 1977లో ధరలు ఒక్క సంవత్సరంలోనే రెట్టింపునకు పైగా పెరిగాయి. దిగుమతి లైసెన్సులు పలుకుబడి ఉన్నవారికే దక్కేవి. ప్రభుత్వం కొరతను నోట్ల ముద్రణతో పూడ్చుకునేది. విద్యార్థులు, వృత్తి నిపుణులు సైనిక పాలనకు వ్యతిరేకంగా వీధులలోకి వచ్చారు. కాగితం మీది ప్రణాళిక అమలుకు నోచుకోలేదు. 1978లో గార్డినర్ పదవి నుండి వైదొలిగాడు. అదే సంవత్సరం జూలైలో తోటి సైనికాధికారులు అచియాంపాంగ్‌ను గద్దె దింపారు.

ముప్పై ఏళ్ళు రాజకీయాలకు, పరిపాలనకు మధ్య దూరం పాటించిన వ్యక్తి చివరకు ఒక సైనిక ప్రభుత్వంలో చేరడం చర్చకు తావిచ్చింది. అంతర్జాతీయ సంస్థలో సంపాదించిన అనుభవాన్ని దేశానికి అందించడం తన విధి అనే దృష్టితో దీనిని సమర్థించవచ్చును. ఆ ప్రభుత్వానికి ఈయన పేరు ఒక గౌరవాన్ని తెచ్చిపెట్టిందని, బదులుగా ఈయన సలహాకు విలువ దక్కలేదని కూడా అంగీకరించవలసి ఉంటుంది.

మరణము, ప్రభావము

గార్డినర్ 1994లో మరణించాడు. 

ఈయన తరువాత ఆఫ్రికా ఆర్థిక కమిషన్ పగ్గాలు చేపట్టిన నైజీరియా ఆర్థికవేత్త అడెబాయో అడెడెజీ మరింత రాజకీయ ధోరణిలో సంస్థను నడిపాడు. 1980లో ఆఫ్రికా దేశాధినేతలు ఆమోదించిన లాగోస్ కార్యాచరణ ప్రణాళిక ఆ ధోరణికి ఫలితం. అయితే ఆ ప్రణాళికకు ఆధారమైన ఉపప్రాంతాల భావన, లెక్కలు, శిక్షణ పొందిన సిబ్బంది అంతకు ముందు దశాబ్దంలో సమకూడినవే. 1975 మే 28న లాగోస్‌లో పశ్చిమ ఆఫ్రికా దేశాలు ఆర్థిక సముదాయంగా ఏర్పడడం కూడా కమిషన్ ఏళ్ళ తరబడి ప్రతిపాదిస్తూ వచ్చిన మార్గంలోనిదే.

గార్డినర్ కొత్త ఆర్థిక సిద్ధాంతాన్ని ప్రతిపాదించలేదు. ఈయన పనిచేసిన ప్రభుత్వాలు ఎక్కువ కాలం నిలువలేదు. నిలిచినవి సంస్థలు. ఇబాదాన్ కళాశాల 1962లో సంపూర్ణ విశ్వవిద్యాలయమైంది. డాకార్‌లోని శిక్షణ సంస్థకు ఖండం నలుమూలల నుండి అధికారులు ఇప్పటికీ చదువుకోవడానికి వస్తున్నారు. ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు ఖండంలోని ప్రధాన ఋణదాతలలో ఒకటిగా ఎదిగింది.